డయానా గురించి పాప అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఎవరైనా చెప్తారా?

పాప వాళ్ళమ్మ, కరీంనగర్:

అందరికీ నమస్కారం. మా పాప తొమ్మిదో తరగతి. వచ్చే శనివారం స్కూల్లో ఉపన్యాస పోటీ ఉంది. సేవ చేసినవాళ్ళ పేర్లు చీటీల మీద రాసి తీయిస్తే దీనికి బ్రిటన్ యువరాణి డయానా వచ్చింది. నాలుగు నిమిషాలు మాట్లాడాలి.

నాకు డయానా అంటే 1997లో పారిస్‌లో కారు ప్రమాదంలో చనిపోవడం, టీవీలో అంత్యక్రియలు చూడటం, అంతే గుర్తు. నెట్‌లో వెతికి ఇద్దరం కూర్చుని రాయడం మొదలుపెట్టాం. ఎయిడ్స్ రోగికి షేక్‌హ్యాండ్ ఇచ్చింది, కుష్ఠు రోగుల చేతులు పట్టుకుంది అని రాస్తుంటే పాప పెన్ను పక్కన పెట్టేసి, "అమ్మా, డాక్టర్ మందిస్తాడు, నర్స్ కట్టు కడుతుంది. ఈమె చెయ్యి పట్టుకుంది, అంతేగా? అది కూడా సేవేనా?" అంది.

ఏదో ఒకటి చెప్పి రాయించొచ్చు. కానీ దానికి నమ్మకం లేని మాట స్టేజీ మీద చెప్పించడం నాకిష్టం లేదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

లెక్చరర్, హైదరాబాద్:

అమ్మా, పుట్టుక, పెళ్ళి వివరాలు రెండు వాక్యాల్లో ముగించమనండి. 1961 జులై 1న పుట్టింది, పెళ్ళికి ముందు లండన్‌లో చిన్నపిల్లల బడిలో సహాయకురాలిగా చేసింది, 1981లో పెళ్ళి, 1996లో విడాకులు. చాలు.

మీ పాప ప్రశ్నకు నాకు తోచిన జవాబు 1996 జులైలో ఉంది. అప్పటికి ఆమె వంద దాకా సంస్థలకు పేట్రన్, అంటే పేరిచ్చి అండగా నిలిచే గౌరవ పోషకురాలు. విడాకుల సమయంలో దాదాపు అన్నిటినీ వదిలేసి ఆరు మాత్రం ఉంచుకుంది. ఇళ్ళు లేని కుర్రాళ్ళకు ఆశ్రయమిచ్చే సెంటర్‌పాయింట్, గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి, రాయల్ మార్స్‌డెన్ క్యాన్సర్ ఆసుపత్రి, నేషనల్ ఎయిడ్స్ ట్రస్ట్, లెప్రసీ మిషన్, ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే అనే నృత్య సంస్థ. పేరు కోసమే అయితే ఎయిడ్స్, కుష్ఠు ఎవరు ఉంచుకుంటారు చెప్పండి? వదిలించుకోవడానికి మంచి సాకు దొరికినప్పుడు కూడా వదల్లేదు.

మన ఊరి సంగతి కూడా ఒకటి చెప్పొచ్చు. 1992 ఫిబ్రవరిలో ఆమె హైదరాబాద్ వచ్చింది. లాలాపేటలో ఒక హైస్కూల్‌కీ, ఊరి బయట ఒక వృద్ధాశ్రమానికీ వెళ్ళింది. పిల్లలకు ఇలాంటివి బాగా గుర్తుంటాయి.

రిటైర్డ్ పారామెడికల్ వర్కర్, విజయనగరం జిల్లా:

అమ్మా, మీ పాప చాలా మంచి ప్రశ్న అడిగింది. నేను 1984లో కుష్ఠు నివారణ పనిలో చేరాను. సాలూరు చుట్టుపక్కల పల్లెలు, కొండ కింది గూడేలు సైకిల్ మీద తిరిగేవాణ్ణి. ఇంటింటికీ వెళ్ళి ఒంటి మీద మచ్చలు చూడటం మా డ్యూటీ. మనిషిని కళ్ళు మూసుకోమని పెన్ను మొనతో మచ్చ మీద తాకి, ఎక్కడ తాకానో వేలితో చూపించమనేవాళ్ళం. చూపించలేకపోతే అనుమానమే. మా వైపు దాన్ని పెద్దరోగం అంటారు. పేరెత్తడానికి కూడా భయం.

అప్పటికే మంచి మందులొచ్చాయి. ఒకటి రెండు మచ్చలున్నవాళ్ళకు ఆరు నెలల కోర్సు. నెలకోసారి మా ఎదుటే మింగాల్సిన మందు వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది. భయపడి పరిగెత్తుకొచ్చేవాళ్ళు, కూర్చోబెట్టి నచ్చజెప్పేవాళ్ళం. మందు మొదలెట్టిన కొద్ది రోజులకే ఆ మనిషి నుంచి ఇంకొకరికి అంటుకునే గుణం పోతుంది. అసలు నూటికి తొంభై మందికి పైగా ఈ రోగాన్ని తట్టుకునే శక్తి ఒంట్లోనే ఉంటుంది. ఇవన్నీ నాకు ట్రైనింగ్‌లో నేర్పారు. పల్లెల్లో మైకు పెట్టి నేనే చెప్పేవాణ్ణి.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. చేరిన అయిదేళ్ళ దాకా ఏ రోగి ఇంట్లోనూ నేను మంచినీళ్ళు తాగలేదు. "ఇప్పుడే తాగి వచ్చానమ్మా" అనేవాణ్ణి. ఎండాకాలంలో నాలుక పిడచకట్టుకుపోతున్నా అదే మాట. వాళ్ళకు తెలిసిపోయేది. తెలిసినట్టు మొహంలో కనిపించనిచ్చేవాళ్ళు కాదు.

1989 నవంబర్‌లో డయానా ఇండోనేషియాలో సితనాలా అనే కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళింది. కొన్నాళ్ళకు ఎవరో ఇచ్చిన పాత పేపర్లో ఆ ఫొటో చూశాను. వేళ్ళు వంకర్లు పోయిన చెయ్యిని తన చేతిలోకి తీసుకుని మాట్లాడుతోంది. గ్లౌజుల్లేవు. నేను చూసిందల్లా ఆవిడ మొహం. భయపడుతూ ధైర్యం నటించే మొహం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, రోజూ నేను పెట్టే మొహం అదే కాబట్టి. ఆవిడది అలా లేదు. ఆ ముక్క కత్తిరించి సర్వే కార్డుల మధ్య పెట్టుకున్నాను.

అప్పుడు ఒక పల్లెలో ఒక కోడలికి భుజం వెనక ఒకే మచ్చ. మందు వేస్తున్నాం. అత్తగారు ఆవిణ్ణి వంటింట్లోకి రానివ్వడం లేదు. పళ్ళెం, గ్లాసు చూరు కింద విడిగా బోర్లించి ఉన్నాయి. చంటిబిడ్డను కూడా పాలివ్వడానికి తప్ప చేతికివ్వడం లేదు. నేను ఫొటో తీసి చూపించి, "చూడమ్మా, ఇంగ్లండు రాణిగారి కోడలు ముట్టుకుంటోంది" అన్నాను. ముసలమ్మ చాలాసేపు చూసి, "ఎవులు బాబూ ఈయమ్మ? ఆవిడికేటి, డబ్బున్నోళ్ళు. నువ్వు తాగుతావేటి ఈ గ్లాసుతోటి?" అంది.

కోడలు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. ఆ గ్లాసు ఇమ్మన్నాను. కుండలో నీళ్ళు ముంచి ఇచ్చింది, సగం చేతి మీదే ఒలికిపోయాయి. తాగాను. గుండె దడదడలాడింది, అబద్ధం చెప్పను. పై నెల వెళ్ళేసరికి చూరు కింద పళ్ళెం ఉంది గానీ, బిడ్డ కోడలి చంకలో ఉంది. పళ్ళెం లోపలికి వెళ్ళడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

అందుకని పాపకు చెప్పండి. మందు రోగం మీద పనిచేస్తుంది. చూరు కింది పళ్ళెం మీద మందు పనిచెయ్యదు, దానికి ఎవరో ఒకరు ముందు ముట్టుకోవాలి. ఆవిడ ఆ పని లోకమంతా చూస్తుండగా చేసింది. 1993లో నేపాల్ వెళ్ళి ఆనందబన్ కుష్ఠు ఆసుపత్రిలో కూడా మంచాల దగ్గర కూర్చుంది.

నర్స్, ఇంగ్లండ్:

అంకుల్ రాసింది చదివి కాసేపు ఏమీ చెయ్యలేకపోయాను. నేనిక్కడ పద్నాలుగేళ్ళుగా నర్స్‌ని. 1987 ఏప్రిల్‌లో లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో ఎయిడ్స్ వార్డు తెరవడానికి డయానా వచ్చి, గ్లౌజుల్లేకుండా రోగితో చేయి కలిపింది. ఆ ఫొటో మీ పాపకు తప్పకుండా చూపించండి. రోగి మొహం కనిపించదు. వెనక నుంచి తీస్తేనే ఒప్పుకున్నాడాయన. మొహం తెలిస్తే బయట బతకనివ్వరన్న భయం ఆ రోజుల్లో అంత ఉండేది. ఇప్పుడున్న కాంబినేషన్ మందులు అప్పటికి రాలేదు. చివరి రోజుల్లో ఉన్న మనిషి దగ్గరికి అయినవాళ్ళు కూడా రాకపోతే ఎలా ఉంటుందో వేరే జబ్బుల్లో నేను చూశాను. డ్రిప్ మార్చేటప్పుడు ఒక్క నిమిషం చెయ్యి పట్టుకుంటే వాళ్ళ ఊపిరి నెమ్మదించడం చేతికి తెలుస్తుంది.

విజయవాడ నుంచి ఒకరు:

అంకుల్ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఆమె ఎక్కడికెళ్ళినా వెనకాల కెమెరాలు. పాపను పోటీలో ఎవరైనా అదే అడిగితే ఏం చెప్పాలి?

లెక్చరర్, హైదరాబాద్:

కెమెరాలు వస్తాయని ఆమెకు తెలుసు. వాటిని ఎటు తిప్పాలో కూడా తెలుసు. 1997 జనవరిలో అంగోలా వెళ్ళింది. హువాంబో దగ్గర మందుపాతరలు తీస్తున్న హాలో ట్రస్ట్ వాళ్ళతో, రక్షణ కవచం, ముఖానికి అడ్డు పెట్టుకుని, శుభ్రం చేసిన దారి వెంట నడిచింది. రెండు పక్కలా ఇంకా పేలనివి ఉన్నాయి. అక్కడ కాళ్ళు పోయిన పిల్లలతో కూర్చుంది. అప్పటి ప్రభుత్వంలో ఒక జూనియర్ మంత్రి ఆమె రాజకీయాల్లో వేలు పెడుతోందన్నట్టు విమర్శించాడు. ఆమె వెనక్కి తగ్గలేదు, ఆగస్టులో బోస్నియా కూడా వెళ్ళింది. ఆ నెలాఖరునే చనిపోయింది. డిసెంబర్‌లో ఒట్టావాలో మందుపాతరల నిషేధ ఒప్పందం మీద 122 దేశాలు సంతకం పెట్టాయి. దాని కోసం ఏళ్ళ తరబడి కష్టపడిన ఉద్యమం వేరే ఉంది, వాళ్ళకే ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. వాళ్ళ కష్టాన్ని ఆమె ఖాతాలో వెయ్యకూడదు. కానీ అంతకుముందు మందుపాతర అంటే ఏమిటో తెలియని ఇళ్ళల్లో కూడా ఆ ఫొటో తర్వాత దాని గురించి మాట్లాడుకున్నారు. పాప ఈ రెండు మాటలూ చెప్తే ఎవరడిగినా తడబడదు.

పాప వాళ్ళమ్మ, కరీంనగర్:

అందరికీ చాలా థాంక్స్. మీరు రాసినవన్నీ పాపకు చదివి వినిపించాను. గ్లాసు దగ్గరికి వచ్చేసరికి, "మళ్ళీ చదువమ్మా" అంది. ఉపన్యాసం మొత్తం కొట్టేసి మళ్ళీ రాస్తోంది. అంకుల్, మీ సంగతి పేరు లేకుండా చెప్పుకోవచ్చా అని అడగమంది. ఇంకోటి, ఆ కోడలు తర్వాత ఎలా ఉంది?

రిటైర్డ్ పారామెడికల్ వర్కర్, విజయనగరం జిల్లా:

తప్పకుండా చెప్పుకోమనండమ్మా. ఆ అమ్మాయికి ఆరు నెలల్లో కోర్సు అయిపోయింది, వేళ్ళకు ఏ వంకరా రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత సాలూరు సంతలో చింతపండు అమ్ముతూ కనిపించింది. నన్ను గుర్తుపట్టి పక్క కొట్లో టీ చెప్పింది. అత్త పోయే ముందు రెండేళ్ళు మంచంలో ఉంటే తనే అన్నం కలిపి పెట్టిందట.

పాపకు ఒక్క సాయం. పెద్దరోగం, కుష్ఠోడు లాంటి మాటలు ఉపన్యాసంలో ఎక్కడైనా వస్తే తీసేయమనండి. కుష్ఠు వచ్చిన మనిషి అంటే చాలు. అలాగే చర్మం మీద పాలిపోయినట్టో ఎర్రగానో స్పర్శ లేని మచ్చ కనిపిస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలని, మందు ఉచితమని ఆఖర్న ఒక్క వాక్యం చెప్పమనండి. హాల్లో మూడొందల మంది ఉంటారు కదా.

పాప వాళ్ళమ్మ, కరీంనగర్:

చేర్చింది అంకుల్. నాలుగు నిమిషాల పది సెకన్లు వస్తోంది. పెళ్ళి వాక్యం తీసేస్తానంటోంది.