అసలు లింకు చాలా, ఆర్కైవ్ ప్రతి కూడా ఉండాలా?

పుటలవేట:
వ్యాసాల్లో ఇచ్చే ప్రతి వెబ్ ఆధారానికీ ఆర్కైవ్ ప్రతి, అంటే ఆ పేజీ అప్పుడు ఎలా ఉందో అలాగే దాచిన నకలు, జతచేయడం తప్పనిసరి చేయాలని నా వాదన. అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లో ఉటంకించిన లింకుల్లో దాదాపు సగం, అప్పుడు చూపిన సమాచారాన్ని ఇప్పుడు చూపడం లేదని 2014లో హార్వర్డ్ పరిశోధకులు తేల్చారు. అంతటి తీర్పులకే దిక్కు లేకపోతే మన వ్యాసాలు ఏపాటి?

నిదానం:
ఆర్కైవ్ మాత్రం చిరంజీవా? 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగినప్పుడు వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ కొన్నాళ్లు మూతపడింది. పైగా రచయిత పేజీకి వెళ్లాల్సిన పాఠకుణ్ణి పక్కదారి పట్టించడం నాకు నచ్చదు. పరిశోధన పత్రాలకు డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంకేతం ఉంది కదా, అది ఇస్తే చాలు.

పుటలవేట:
అసలు లింకు తీసేయమని నేను అనలేదు, నిదానం గారూ. రెండూ పక్కపక్కన ఉండాలంటున్నాను. డీఓఐ మంచిదే. పత్రం వేరే చోటికి మారినా, ప్రచురణకర్త కొత్త చిరునామా నమోదు చేస్తే పాత డీఓఐ అక్కడికే తీసుకెళ్తుంది. కానీ వార్తలకూ ప్రకటనలకూ బ్లాగులకూ అది సాధారణంగా ఉండదు.

నన్ను భయపెట్టేది చచ్చిపోయిన లింకు కాదు. పేజీ దొరకలేదని అది నిజాయతీగా చెప్పేస్తుంది. లింకు బతికే ఉండి లోపలి పాఠం మారిపోతేనే చిక్కు. ‘అర్హులందరికీ’ అని ఉన్న ప్రకటనను చడీచప్పుడు లేకుండా ‘ఎంపికైనవారికి’ అని దిద్దారనుకోండి, ఉటంకించినవాడే అబద్ధాలకోరు అవుతాడు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో దాచిన నకలు చిరునామా మధ్యలో 14 అంకెలుంటాయి చూడండి: ఏడాది, నెల, రోజు, గంట, నిమిషం, సెకను. ఆ క్షణాన పేజీలో ఏముందో చూపించడానికి అంతకు మించిన సాక్ష్యం ఏముంది?

తెల్లకాగితం:
ఇద్దరూ లింకు చుట్టూనే తిరుగుతున్నారు. రచయిత పేరు, శీర్షిక, తేదీ లేకుండా ఒట్టి చిరునామా పడేస్తే అది ఆధారమే కాదు. ఆ మూడూ ఉంటే లింకు పోయినా చాలాసార్లు వెతికి పట్టుకోవచ్చు. ఇక పొడవాటి చిరునామాను కుదించే పొట్టి లింకులా, వాటికో దండం. గూగుల్ తన పొట్టి లింకుల సేవలో కొత్తవి ఇవ్వడం 2019లోనే ఆపేసింది. అలాంటిది పనిచేయడం మానేస్తే అసలు చిరునామా ఏమిటో కూడా తెలియదు.

నిదానం:
మారే పేజీలకు ఆర్కైవ్ ప్రతి సరే, ఒప్పుకుంటాను. డీఓఐ ఉన్నవాటికీ అడగడం మాత్రం చాదస్తం. మరి రచయిత తానే కావాలని తొలగించుకున్న పేజీ సంగతేమిటి? దాని ప్రతిని చూపించే హక్కు మనకుందా?

పుటలవేట:
సొంత గోడు రాసుకున్న మామూలు మనిషైతే వదిలేస్తాను. అధికారిక ప్రకటన అయితే, తొలగించారు కాబట్టే చూపిస్తాను.