మెలియాయిడోసిస్: కోట్రైమోక్సజోల్ పడకపోతే మిగతా కోర్సు ఏ మందుతో పూర్తి చేశారు?

మా నాన్నగారికి 58 ఏళ్లు. అమలాపురం దగ్గర మూడెకరాల వరి సాగు చేస్తారు. పన్నెండేళ్లుగా షుగరు ఉంది. ఆగస్టులో సార్వా నాట్లు ముగిసిన పది రోజులకు చలిజ్వరం పట్టుకుంది. సాయంత్రానికి 103 డిగ్రీలు, తెల్లవారేసరికి ఒళ్లంతా చెమట. మొదట టైఫాయిడ్ అన్నారు. తరువాత ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ చూసి మూడు వారాలు క్షయ మందులు వాడించారు. కఫం పరీక్షలో మాత్రం క్షయ క్రిమి ఒక్కసారి కూడా కనిపించలేదు.

చివరికి రక్తం కల్చర్‌లో మెలియాయిడోసిస్ తెచ్చే బర్కోల్డేరియా సూడోమాలియై అనే క్రిమి ఉందని తేలింది. స్కానింగ్‌లో ప్లీహంలో రెండు చీముగడ్డలు కనిపించాయి. ఈ క్రిమి మట్టిలో, నీటిలో ఉంటుందని, కాలి పగుళ్ల గుండా ఎక్కి ఉండవచ్చని డాక్టరు చెప్పారు. నాన్నగారి మడమల్లో బియ్యపుగింజ పట్టేంత పగుళ్లు. ఆ మాట విన్నప్పటి నుంచి అవే నా కళ్ల ముందు మెదులుతున్నాయి.

14 రోజులు సెఫ్టాజిడిమ్ సూదిమందు ఇచ్చాక జ్వరం తగ్గింది. తరువాత మూడు నెలలు కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలు వాడమన్నారు. ఇప్పుడు ఐదో వారం. నాలుగు రోజులుగా వీపు మీద, చేతుల మీద ఎర్రటి దద్దుర్లు, మాత్ర వేసిన అరగంటకే వాంతి. భోజనం చేశాక వేసి చూశాం, వాంతుల మాత్ర ముందుగా ఇచ్చి చూశాం, గుణం లేదు. నిన్నటి పరీక్షలో కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ 1.1 నుంచి 1.9కి పెరిగింది. డాక్టరు మాత్రలు ఆపించి సోమవారం రమ్మన్నారు. కోర్సు మధ్యలో ఆగితే జబ్బు తిరగబెడుతుందన్నదే మా భయం.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బులో కోట్రైమోక్సజోల్ పడకపోతే, మిగతా వారాలు డాక్టర్లు ఏ మందుతో పూర్తి చేయించారు?