1920ల మద్రాసు బడ్జెట్టులో బడులకు, ఆసుపత్రులకు డబ్బు ఎవరి చేతిలో ఉండేది?

ఎగ్మూరు పాఠకుడు (ప్రశ్న):
ఇక్కడ ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ శాసన మండలి పాత బడ్జెట్టు చర్చలు చదువుతున్నాను. 1919 భారత ప్రభుత్వ చట్టంతో విద్య, ప్రజారోగ్యం, స్థానిక సంస్థలు మన మంత్రుల కిందికి వచ్చాయి. 1921 నుంచి 1926 వరకు పానగల్ రాజా మద్రాసు ప్రధాన మంత్రిగా (నేటి ముఖ్యమంత్రి వంటి పదవి) ఉన్నారు. అయినా డబ్బు చాలదన్న మాటే తరచు ఎదురవుతోంది. శాఖ మంత్రిదే అయినప్పుడు, ఖర్చును తగ్గించే అధికారం ఎవరిది? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

పాత పద్దులు:
మీరు చూడవలసింది విద్య పద్దును కాదు, ఆర్థిక శాఖను. ద్వంద్వ పాలనలో, అంటే కొన్ని శాఖలు మంత్రులకు, కొన్ని గవర్నరుకు పంచిన ఆ ఏర్పాటులో, ఆర్థికం, భూమి శిస్తు, పోలీసు, న్యాయం గవర్నరు కార్యనిర్వాహక మండలి చేతిలోనే ఉన్నాయి. ఖజానా రెండు పక్షాలకూ ఒకటే. కొత్త ఖర్చు ప్రతిపాదన ఏదైనా ఆర్థిక శాఖ పరిశీలన దాటాలి. పోలీసు పద్దును శాసన మండలి తగ్గించినా, అది తన బాధ్యత నిర్వహణకు అవసరమని ధ్రువీకరించి గవర్నరు పునరుద్ధరించగలడు. విద్య మంత్రికి అటువంటి రక్షణ లేదు.

దీనికి తోడు కేంద్ర, రాష్ట్రాల రాబడి పంపకంపై మెస్టన్ కమిటీ చేసిన నిర్ణయం ఉంది. భూమి శిస్తు, ఆబ్కారీ (మద్యం మీద పన్ను), స్టాంపులు రాష్ట్రాలకు, ఆదాయపు పన్ను, కస్టమ్స్ కేంద్రానికి పంచి, ఆ పంపకంతో కేంద్రానికి కలిగిన లోటును పూడ్చడానికి రాష్ట్రాలు ఏటా 983 లక్షల రూపాయలు చెల్లించాలన్నారు. అందులో మద్రాసు వాటా 348 లక్షలు, అంటే మూడో వంతు కంటే ఎక్కువ. బెంగాలుది 63 లక్షలే. రైతువారీ శిస్తు (రైతు నుంచి ప్రభుత్వం నేరుగా వసూలు చేసేది) అధికంగా వచ్చే మద్రాసుకు కొత్త పంపకంలో ఎక్కువ లాభం కలిగిందన్నది ఆ కమిటీ లెక్క. లాభమన్నది కాగితం మీద మాట, చెల్లింపు మాత్రం రొక్కం. ఈ భారం 1920ల చివర గాని తొలగలేదు.

మైలాపూరు నుంచి:
పైవారి వివరణకు ఆబ్కారీని చేర్చాలి. అదీ మంత్రులకు అప్పగించిన శాఖే, రాబడిలో పెద్ద భాగం దానిదే. సారా, కల్లు అమ్మకం తగ్గిస్తే ఖజానా తగ్గుతుంది, బడుల విస్తరణ అక్కడే ఆగుతుంది. మద్యనిషేధం కోరే సభ్యులు ఈ చిక్కును ఎదుర్కోక తప్పలేదు. 1937లో మద్రాసు ప్రభుత్వాధినేతగా రాజాజీ సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించారు; పోయిన రాబడికి బదులు వెతికే క్రమంలో 1939లో అమ్మకం పన్ను చట్టం వచ్చింది. అప్పటికి ఆర్థిక శాఖ కూడా ఆయన వద్దే ఉంది. పానగల్ రాజాకు లేని సౌకర్యం అదే.

ఎగ్మూరు పాఠకుడు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. త్యాగరాయ చెట్టి గారు నగర కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉన్న కాలంలో, 1920లో మద్రాసులోని థౌజండ్ లైట్స్ బడిలో పెట్టిన మధ్యాహ్న భోజనం ఖర్చు కూడా ఈ పద్దులలోనే ఉంటుందా?

పాత పద్దులు:
ఉండదు. అది మద్రాసు నగర కార్పొరేషన్ ఖర్చు, పిల్లవాడికి రోజుకు ఒక అణా మించకూడదన్న షరతు మీద మంజూరైంది. ప్రాథమిక విద్య నిధి నుంచి ఆ ఖర్చు రాయడానికి ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో 1925లో ఆగిపోయింది. కార్పొరేషన్ సమావేశాల నివేదికలలో వెతకండి.