లెచూసా భయం: మా పాపకి ఎలా సర్దిచెప్పాలి?

అందరికీ నమస్కారం. మేముండేది టెక్సాస్‌లో, మెక్సికో సరిహద్దు పక్కనే ఉన్న మెకాలెన్‌లో. రెండు వారాలుగా రాత్రిపూట మా పెరట్లోని తాటిచెట్టు మీంచి గీ...మని ఒక కేక వినిపిస్తోంది. గుడ్డ చింపినట్టు ఉంటుంది. టార్చి వేసి చూస్తే తెల్లటి ముఖం, హృదయాకారంలో. కొట్టాల్లో ఉండే రకం గుడ్లగూబ. స్పానిష్‌లో దాన్నే లెచూసా అంటారు.

అసలు చిక్కు అక్కడే. ఇక్కడి కథల్లో లెచూసా అంటే ఆడమనిషి ముఖం ఉన్న పెద్ద గుడ్లగూబ, రాత్రిళ్ళు అలా మారే మంత్రగత్తె. పసిపిల్ల ఏడుపులా ఏడ్చి, తలుపు తీసినవాళ్ళని ఎత్తుకుపోతుందట. ఆరేళ్ళ మా పాప ఇది స్కూల్లో విని వచ్చింది, అప్పట్నుంచి ఒంటరిగా బాత్‌రూమ్‌కి కూడా వెళ్ళట్లేదు. పక్కింటి పెద్దావిడ ప్రేమగా, లెచూసా దగ్గరికి రాకుండా అని ఒక తాడుకి ఏడు ముళ్ళు వేసి మా వెనక తలుపుకి కట్టి వెళ్ళారు. దాన్ని చూసి పాప భయం ఇంకా పెరిగింది!

ఆ తాడు తీసేస్తే ఆవిడ నొచ్చుకుంటారా? సౌత్ టెక్సాస్‌లో చాలాకాలంగా ఉన్నవాళ్ళు చెప్పండి. పిట్టని తరిమేద్దామంటే, 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం దానికి హాని చేయకూడదు. నాకూ మనసొప్పదు, ఎలుకల్ని తింటోంది పాపం.

ఇంకోటి, ఇంటి మీద గుడ్లగూబ వాలితే అరిష్టమని మా అమ్మమ్మా అనేది. కానీ ఆడమనిషి గుడ్లగూబగా మారే కథ మన వైపు ఎవరైనా విన్నారా?