దాపలనా, దాపటనా? తాత నోట విన్న ఒక్క మాట

తంగేడుపువ్వు (పరకాల):
మొన్న రాత్రి అమ్మకు నిద్ర పట్టక పండుకున్న కాడనే పోతన భాగవతంల గజేంద్రమోక్షం పద్యాలు చదువుకుంటున్నది. "అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు" దాకా వచ్చి ఆగింది. తర్వాతి మాట నేనందిద్దామని "దాపట" అన్న. అమ్మ ఏమనలేదు, కండ్లు మూసుకున్నది. పొద్దున లేచి పుస్తకం తీస్తే "దాపల" అని ఉన్నది. నా చెవుల మాత్రం మా తాత గొంతుల "దాపట" అనే ఉన్నది. ఆయన ఎడ్లు తోలుకుంటనే ఈ పద్యం చదివేటోడు. అర్థం అడిగితే ఎడమ చెయ్యి చాపి "ఇటు దిక్కు" అని చూపెట్టేటోడు. బడిలో సారేమో "దాపల అంటే దగ్గర" అని చెప్పిండు. తాత చదివింది తప్పా? ఆయన చెప్పిన అర్థం కూడా తప్పేనా?

మత్తేభం (హనుమకొండ):
పద్యంలో ఏ మాట ఉండాలన్నది ఛందస్సే తేల్చేస్తుంది. పాదాల మొదళ్లు చూడండి: "అల", "పల", "త్పల", "హ్వల". నాలుగింటా రెండో అక్షరం లకారం, అదే ప్రాస. మొదటి పాదం "దా" దగ్గర తెగి, రెండోది "పల మందారవనాంతరామృత సరః" అని ఎత్తుకుంటుంది. "దాపట" అంటే రెండో పాదానికి ప్రాస పోతుంది. పోతన అట్లా రాయడు. అర్థం మీ సారు చెప్పిందే సరైనది. దాపు అంటే చేరువ. సౌధానికి చేరువలో మందారవనం, అందులో అమృత సరస్సు. చదవగానే అందే అర్థం ఇదే.

నల్లరేగడి (భూపాలపల్లి దిక్కు):
సార్, ప్రాస మీరు చెప్పినట్టే, ఒప్పుకుంటున్న. అర్థం మాత్రం ఒప్పుకోను. మా ఇంట్ల మొన్నమొన్నటిదాక ఎడ్లున్నయి. నాగలి పట్టినోనికి ఎడమ దిక్కుది దాపటెద్దు, కుడి దిక్కుది ఎలపటెద్దు. దాపట అంటే దగ్గర అని ఏ రైతూ అనడు. రెండెడ్లూ దగ్గరనే ఉంటయి గదా!

మత్తేభం:
ఎడ్ల మాట వేరు, కావ్యభాష వేరు తమ్మీ. దాపట అనే మాట ఎడమకు ఉందంటే కాదనను. కానీ పద్యంలో ఉన్నది దాపల.

బమ్మెర బాట (పాలకుర్తి):
నేను 31 ఏండ్లు తెలుగు చెప్పి రిటైరయిన. ఈ మాట మీద ఒక పూటంత పాఠం చెప్పవచ్చు. ముందు మాట అల్లిక చూడండి. లోపల, వెలుపల, వలపల, దాపల. నాలుగూ ఒకే అచ్చుల పోసినయి. చివర ఉన్న "పల" తీస్తే లో, వెలు, వల, దా మిగులుతయి. వల అంటే కుడి. వలకేలు అంటం. దాని జోడు "డా". డాకేలు, డాకాలు అంటం. దాపు అనే మాట నుంచి వచ్చేది "దాపున". దానికి ల తగిలించి దాపల చేసే దారి నాకు కనబడదు. కనుక దాపల అంటే ఎడమ పక్క. తాత చెయ్యి చాపిన దిక్కే సరి.

సాక్ష్యం పోతన దగ్గరనే ఉన్నది. దశమస్కంధంల కృష్ణుడు చల్దులారగించే పద్యం గుర్తు తెచ్చుకోండి:

"మీఁగడ పెరుగుతో మేళవించిన చల్ది
ముద్ద డాపలి చేత మొనయ నునిచి"

డాపలి చెయ్యి అంటే ఎడమ చెయ్యే గదా, దగ్గరి చెయ్యి అని ఎవరంటరు? ఈ పద్యం చెప్పేటప్పుడు తరగతిల పిల్లలు ఎడమ అరచెయ్యి చాపి, వేళ్ల సందుల ఊరగాయ పెట్టుకున్నట్టు పట్టేటోళ్లు. ఆ నాలుగు పాదాల కోసం ఏడాదంత ఎదురు చూసేటోన్ని. ముద్ద, వేళ్ల సందుల ఊరగాయలు, చుట్టూ సంగడీలు. యాగభోక్త వచ్చి పిల్లల నడుమ కూర్చున్నడని దేవతలు నోరు తెరుచుకొని చూస్తున్నరు. ఇంకేం కావాలె?

ఎలగందుల (కరీంనగర్):
మాస్టారూ, మీరిచ్చిన సాక్ష్యమే మీకు అడ్డం తిరుగుతది. అక్కడ ఉన్నది "డా". అదే సీసంల ముందు పాదంల "జాఱి రానీక డాచంక నిఱికి" అన్నడు. అక్కడా డకారమే. ఒకే కవి ఎడమకు రెండుసార్లు డ వాడి, గజేంద్రమోక్షంల మాత్రం ద ఎందుకు పెట్టిండు? వేరే మాట కనుక. దకారం దాపుకు, డకారం ఎడమకు.

బమ్మెర బాట:
డాగు, దాగు. డిగు, దిగు. డప్పి, దప్పి. పాత తెలుగుల మొదటి డకారం దకారంగ మారుడు కొత్త సంగతి కాదు.

ఎలగందుల:
అదే లెక్కన డాయుట, దాయుట కూడా ఉన్నయి. దాపు పుట్టింది అక్కడి నుంచే. అంటే చేరువకూ రెండు రూపాలున్నట్టే. ద, డ మారుతయన్న సూత్రం నాకెంత సాయమో మీకూ అంతే సాయం.

మత్తేభం:
ఇక్కడ చిత్రం ఒకటుంది. ఈ పద్యంలో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు, 14వ అక్షరం మీద. మొదటి పాదంలో "నగరిలోన్ + ఆ" కలిసి "నా" అయింది, దానిలోని ఆకారం పాదం మొదటి "అ"తో మైత్రి. అందుకని "ఆ"ను ఎవరూ కదిలించలేరు. ప్రాస వల్ల "ల"ను కదిలించలేరు. "దా" మాత్రం పాదం చివర 20వ అక్షరం. యతీ లేదు, ప్రాసా లేదు. గురువైతే చాలు. దా రాసినా డా రాసినా ఛందస్సు పలకదు. పైగా రెండు అక్షరాల రూపాలూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. తాటాకు మీద నకలు రాసేవాడి గంటం ఏ వైపు వంగిందో ఎవరు చెప్పాలి?

తంగేడుపువ్వు:
మాస్టారు లోపల, వెలుపల అంటుంటే నాకొకటి తట్టింది. మా ఇంట్ల ఎవ్వరం "లోపల" అనం. "లోపట". "లోపట్కి రా", "లోపట పెట్టు" అంటం. లోపల లోపట అయినట్టే దాపల దాపట అయి ఉంటది గదా? అట్లయితే తాత వేరే మాటేం చదవలేదు. పుస్తకంల మాటనే మా ఊరి నోటితోని చదివిండు.

బమ్మెర బాట:
బిడ్డా, ఇన్నేండ్లు పాఠం చెప్పినోన్ని, నాకెన్నడూ ఇది తట్టలేదు. లోపల, లోపట. దాపల, దాపట. వలపల, ఎలపట. జతలు జతలుగ కుదిరినయి. ఇంక చేరువ అర్థానికి చోటేది?

మత్తేభం:
జతలు అందంగా కుదిరాయి, ఒప్పుకుంటాను. కానీ దాపట ఎడమ అని తేలిందే గానీ, పద్యంలోని దాపలను పోతన ఏ అర్థంలో వాడాడన్నది అట్లాగే ఉంది. ఒక ప్రశ్న అడుగుతాను. మనిషికి ఎడమ ఉంటుంది, ఎద్దుకు ఉంటుంది. మేడకు ఎడమ ఏది? తూర్పు ముఖమైతే ఎడమ ఉత్తరం, పడమటి ముఖమైతే దక్షిణం. పద్యంలో ముఖం ఎటో చెప్పలేదు. చేరువ అంటే ఈ చిక్కే లేదు.

ఏకశిల (వరంగల్ కోట):
మీరంతా "దా" పట్టుకొని ఊగుతున్నరు గానీ అసలు ముడి దానికి ముందున్నది. "ఆ మూల సౌధంబు". మూల అంటే ఏంది? వైకుంఠంల ఆ మూలకున్న మేడా, మూలవిరాట్టు అన్నట్టు అసలు మేడా? ఇది తేలకుండ దాని ఎడమ ఎట్ల తేలుతది?

బమ్మెర బాట:
మూలసౌధమే. ప్రధానమైన మేడ. లక్ష్మీనాథుడుండే మేడను ఒక మూలకు తోస్తడా పోతన?

నల్లరేగడి:
ఎందుకు తోయడు మాస్టారూ? మా ఊర్ల గడి ఉండె. గడి అంటే ఒక్క మేడ కాదు. పెద్ద దర్వాజ, లోపట వాకిళ్లు, కచేరి, ఎనుక ఒక మూలకు దొర ఉండే మేడ, దాని పక్కన తోట, బాయి. నగరి అంటే కూడ అట్లాంటి రాజప్రాసాదమే గదా. ఆ మూల మేడ, దాని దాపట తోట, తోటల కొలను. చిన్నప్పుడు ఈ పద్యం వింటే నాకు మా గడే కనబడేది. దేవుడు కచేరిల లేడు. మూలకున్న మేడ పక్కన తోటల, కొలను ఒడ్డున, చంద్రకాంత శిల మీద, కలువల పాన్పు మీద ఆటల ఉన్నడు. అంత లోపటున్నోనికి ఏనుగు మొర వినబడ్డది. మూల అంటేనే ఆ దూరం తెలుస్తది.

ఏకశిల:
ఇదే నేను అనాలనుకున్నది! "అల" అని వేలు చూపించి మొదలుపెట్టిండు. పురం, పురంల నగరి, నగరిల ఆ మూల, మూలకు సౌధం, సౌధం పక్క వనం, వనంల సరస్సు, సరస్సు ఒడ్డున శిల, శిల మీద పాన్పు. ఒక్కొక్క గడప దాటుకుంట లోపటికి తీసుకపోతున్నడు. అంత లోపటికి పోయినంక ఒక్క మాట: "కుయ్యాలించి". ఇన్ని గడపలు దాటి మనం లోపటికి పోతే, మొర మనకంటె ముందే అక్కడికి చేరింది.

తంగేడుపువ్వు:
కుయ్యి అంటే "కుయ్యో మొర్రో" అంటమే, అదేనా?

ఏకశిల:
అదే అక్కా. కుయి, ఆలించి. దాని ముందు "పాహిపాహి యనఁ" అని సంస్కృతం. ఏనుగు సంస్కృతంల మొర పెట్టుకున్నది, దేవుని చెవిల పడేసరికి అది తెలుగు కుయ్యి అయింది. నాకు ఈ పద్యం మొత్తంల ఇంతకన్న ప్రాణమైన మాట లేదు. చేరువో ఎడమో గానీ, ఈ ఒక్క మాట ఉంటే నాకు చాలు.

ఎలగందుల:
మూలం చూసి తేల్చుకుందామా అంటే అదీ కుదరదు. సంస్కృత భాగవతం అష్టమస్కంధం 3వ అధ్యాయంల ఈ మేడ లేదు, తోట లేదు, కొలను లేదు. గజేంద్రుని స్తోత్రం విన్నడు, గరుడుని మీద వచ్చిండు, చేతిల చక్రం ఉన్నది. అంతే. వైకుంఠం నక్ష మొత్తం పోతన గీసిందే. అందుకే ఎడమా, చేరువా అన్నది ఆయననే అడగాలె.

బమ్మెర బాట:
గరుడుని మాట మంచిగ తెచ్చినవు. వ్యాసుడు గరుడుని మీద రప్పిస్తే, పోతన తర్వాతి పద్యంల ఆ గరుడుని కూడ పిలువనీయలేదు. "సిరికిం జెప్పఁడు", "అభ్రగపతిం బన్నింపఁడు". ఒక్కొక్కటే వదిలేయించిండు. చివరికి చేతిల ఉన్న కొంగు కూడ వదల్లేదని అన్నడు చూడు, అక్కడ నా గొంతు ఇప్పటికీ పూడుకపోతది. కొంగు ఇడువాలన్న సోయి కూడ లేని తొందర. పురం నుంచి పాన్పు దాకా మనల్ని మెల్లగ తీసుకపోయినోడు, ఒక్క పద్యంల ఆయన్ని బయటికి ఉరికించిండు.

నల్లరేగడి:
మాస్టారూ, పోతన స్వయంగ దున్నుకొని బతికినోడంటరు. బమ్మెరల పొలం ఉన్నదని చెప్తరు. "సత్కవుల్ హాలికులైన నేమి" అన్నడు. నాగలి పట్టినోని నోట దాపల అని వస్తే అది ఎడమే గానీ ఇంకేమయితది?

మత్తేభం:
అది పోతన పేర చెప్పుకునే చాటువు, భాగవతంలోది కాదు, విడిగా నోట నడిచే పద్యం. మనకందరికీ ఇష్టమైన పద్యమే. కానీ చాటువును పట్టుకొని భాగవతంలో మాటకు అర్థం తేల్చలేం.

ఏకశిల:
ఇంకొక సంగతి. మా నాయనమ్మ చెప్పేది. ఈ పద్యం మొదటి పాదం కాడ పోతనకు కలం ఆగిపోయిందనీ, ఆయన బయటికి పోయినప్పుడు శ్రీరాముడే ఆయన రూపంల వచ్చి పద్యం పూర్తి చేసిండనీ అందరం విన్న కథే. మొదటి పాదం చివరి అక్షరం "దా". మా దిక్కు దా అంటే రమ్మని. పోతన "దా" అని ఆగిండు, స్వామి వచ్చిండు, "పల" అని అందుకున్నడు. నాయనమ్మ ఇట్లనే చెప్పేది. నేను దీన్ని వ్యాకరణం అనను. కానీ ఆ పాదం చివర గొంతు ఆపిన ప్రతిసారీ నాకు అదే వినబడుతది.

ఎలగందుల:
దకారం ఎందుకో ఇంత మంచిగ ఇంకెవరూ చెప్పలేదు. డా అంటే ఎవరూ రారు.

తంగేడుపువ్వు:
ఇప్పుడే అమ్మనడిగిన. మీరంత రాసింది చదివి వినిపించిన. అమ్మ ఏమంటదంటే, తాత పాదం చివర "దా" అని గట్టిగ దీర్ఘం తీసి, ఊపిరి పీల్చుకొని, అప్పుడు "పల మందార" అని ఎత్తుకునేటోడట. పట అనలేదట. ఎడ్లను అదిలించేటప్పుడు దాపటెద్దును పేరు పెట్టి పిలిచేటోడు, ఆ రెండూ నా చెవిల కలిసిపోయినయేమో అన్నది. నాకు మాత్రం ఇప్పటికీ దాపట అనే వినబడుతున్నది. ఎడమ చెయ్యి చాపుడు మాత్రం నిజమే, అమ్మకూ గుర్తున్నది.

మత్తేభం:
అయితే ప్రాస తప్పలేదు. తాతగారికి నా నమస్కారం.

బమ్మెర బాట:
ఎడమ చెయ్యి చాపుడు కూడ నిజమే అన్నది, అది కూడ చదువుకోండి సార్.

మత్తేభం:
చదివాను మాస్టారూ. నా ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. ఎవరి ఎడమ? సౌధం ముందు నిలబడి చూసేవాడి ఎడమా, లోపలి నుంచి బయటికి చూసేవాడి ఎడమా?

నల్లరేగడి:
నాగలి పట్టినోని ఎడమ సార్.