మంచిగ పనిచేసినా బజార్ల నిలవని వస్తువులు: మీకు తెలిసినవి చెప్పండ్రి

హన్మకొండ చౌరస్తా:
పాడైనవి, మోసం చేసినవి వద్దు. పని మంచిగ చేసి కూడా జనం కొననివే చెప్పండ్రి. నాది సోలార్ కుక్కర్. ఢిల్లీల నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ 1950లల్లనే ఒక తీరు సోలార్ కుక్కర్ తయారుచేసింది. 1980లల్ల సర్కారు సబ్సిడీ ఇస్తే మా నాన్న తెచ్చిండు. సూట్‌కేసంత డబ్బా, మీద రెండు గాజుల మూత, ఎండను లోపలికి కొట్టేటందుకు నిలబెట్టే అద్దం, నల్లరంగు పూసిన గిన్నెలు. పొద్దున పదింటికి కందిపప్పు, బియ్యం నీళ్లు పోసి డాబా మీద పెడితే ఒంటిగంటకు తయార్. మాడదు, పొంగదు. ఓరుగల్లు ఎండకు ఇంతకన్న మంచి పొయ్యి ఏం గావాలె? అయినా మా వాడకట్టుల ఇంకెవ్వరు కొనలే. ఎందుకంటరు?

కాజీపేట సరిత:
అన్నా, ఒంటిగంటకు ఉడికితే తినేటోళ్లు ఇంట్ల ఉండాలె గద! పిల్లల టిఫిన్ డబ్బా ఎనిమిదింటికే కట్టాలె. కైకిలికి పోయేటామె తెల్లారకముందే వండుకొని సద్ది కట్టుకుంటది. రాత్రి బువ్వకు ఎండే ఉండదు. జొన్నరొట్టె కాలదు, తాలింపు పెట్టరాదు, ఎట్లయినా గ్యాస్ ముట్టియ్యాల్సిందే. మిట్టమధ్యాహ్నం కాళ్లు కాలంగ డాబా ఎక్కి ఎండదిక్కు తిప్పాలె, కోతులొస్తే కావలుండాలె. కుక్కర్ తప్పేం లేదు. వండేటామె దినం ఎట్ల గడుస్తదో చేసినోళ్లు అడగలే.

జమ్మికుంట కిరాణం:
సరితక్క మాట నిజం. గోద్రెజ్ వాళ్ల ఛోటూకూల్ అనే చిన్న ఫ్రిజ్ కూడ గంతే. కంప్రెసర్ లేదు, కరెంటు పారితే ఒకదిక్కు చల్లబడే చిప్పు, చిన్న ఫ్యాను. 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తది. బరువు ఎనిమిది కిలోల లోపు. మూత పైకి తెరుస్తం కాబట్టి చల్లగాలి కిందికి జారిపోదు. కరెంటు కోతలప్పుడు నా దుకాణంల పెరుగు ప్యాకెట్లు, మజ్జిగ అండ్లనే పెట్టిన. కని ఐసు గట్టది. ఫ్రిజ్ లేని పేదోళ్లకోసమని తెచ్చిండ్రు గని, ఆ ఇంటోళ్లు ఇంకొన్ని పైసలు జమచేసి సెకండ్ హ్యాండుదైనా పెద్ద ఫ్రిజ్జే కొన్నరు. ఇంటికొచ్చిన చుట్టానికి ఐసు నీళ్లు ఇయ్యాలె గద! తర్వాత కంపెనీ దాన్ని ఉన్నోళ్లకు అమ్మజూసింది.

మంచిర్యాల మెకానిక్:
మరి టాటా వాళ్ల నానో కారు? 624 సీసీ, రెండు సిలిండర్లు, ఇంజను ఎనకాల. ఇరుకు సందులల్ల ఒక్క కోతకే తిరుగుతది, లోపల ఎత్తు మనిషి కూడ తల తగలకుంట కూసుంటడు. 2009ల లక్ష రూపాయల కారని వచ్చింది, ఆ పేరే దాన్ని ముంచింది. కారు కొనేది నలుగురు చూడాలెనని. ‘అన్నిట్ల అగ్గువది’ అని పేరువడ్డ బండిని పెండ్లికి ఎవరు తీస్కపోతరు? అగ్గువదని ప్రచారం చేసుడు తప్పయిందని రతన్ టాటానే తర్వాత అన్నడు. 2018ల తయారీ ఆగింది. నాకైతే ఇప్పటికీ బాధే.

గోదావరిఖని:
సోనీ వాళ్ల వీడియో క్యాసెట్టు బీటామ్యాక్స్‌ను మర్చిపోయిండ్రు. 1975ల వచ్చినప్పుడు క్యాసెట్టుల గంటనే పట్టేది. ఏడాదికి దానికి పోటీగ వచ్చిన వీహెచ్ఎస్ క్యాసెట్టుల రెండు గంటలు. బొమ్మ బీటాల్నే మంచిగుంటదనేటోళ్లు, కని సినిమా మొత్తం పట్టాలె గద.

హన్మకొండ చౌరస్తా:
సరితా, నువ్వు చెప్పింది ఒప్పుకుంట. కని మా అమ్మ ఎండాకాలమంతా కందగడ్డలు, పల్లికాయ అండ్లనే ఉడకవెడ్తది. సాయంత్రం పిల్లలకు అదే తిండి. పూర పొయ్యి అనకుంట గిట్ల అమ్మితే నిలుస్తుండెనేమో.

కాజీపేట సరిత:
గట్లయితే మంచిదే. మా అత్తగారింట్ల అటక మీద ఒకటున్నది, పైగాజు పగిలింది. దొరుకుతదా?

హన్మకొండ చౌరస్తా:
అద్దాల దుకాణానికి కొలత తీస్కపోయి, ఆ కొలతకే టఫెన్డ్ గాజు (వేడికి తట్టుకునేటట్టు గట్టిచేసింది) చేయించుమను, గట్టిచేసినంక దాన్ని కొయ్యరాదు. రెండు గాజుల నడుమ సందు మాత్రం ఉండాలె, వేడిని ఆపేది అదే. అంచుకు రబ్బరు బిగువుగ ఉందో లేదో చూడు.