మిన్ వాడితే సమయం సరిగ్గా వస్తోంది, పేరు మాత్రం వేరేవాళ్లది వస్తోంది

ప్రశ్న:
ఫలితాలు అనే టేబుల్‌లో పందెం, పేరు, సమయం (సెకన్లలో) అని మూడు కాలమ్స్ ఉన్నాయి. ఒక్కో పందెంలో అందరికన్నా తక్కువ సమయం ఎవరిదో కావాలి. పందెం వారీగా గ్రూపులు కట్టడానికి గ్రూప్ బై పందెం పెట్టి, సెలెక్ట్‌లో పేరు, మిన్(సమయం), అంటే అన్నిటికన్నా తక్కువ సమయం, అడిగాను. సమయం కరెక్టే, పేరు తప్పు. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.6 వాడుతున్నాను.

జవాబు:
మిన్ ఇచ్చేది విలువ ఒక్కటేనండి, ఆ విలువ ఉన్న రో మొత్తాన్ని కాదు. గ్రూప్ బైలో లేని పేరును మీరు అడిగారు కాబట్టి 5.6 ఆ గ్రూపులో ఏదో ఒక రో నుంచి తెచ్చి పెట్టింది. 5.7లో డిఫాల్ట్ సెట్టింగ్స్‌తో అయితే ఎర్రర్ వచ్చేది. నన్నడిగితే అదే నయం, తప్పు పేరు చడీచప్పుడు లేకుండా రిపోర్టులోకి ఎక్కదు.

ముందు తక్కువ సమయాలు తీసి, వాటిని అసలు టేబుల్‌తో కలపండి:

సెలెక్ట్ ఫ.పందెం, ఫ.పేరు, ఫ.సమయం
ఫ్రమ్ ఫలితాలు ఫ
జాయిన్ (సెలెక్ట్ పందెం, మిన్(సమయం) యాజ్ తక్కువ ఫ్రమ్ ఫలితాలు గ్రూప్ బై పందెం) క
ఆన్ క.పందెం = ఫ.పందెం అండ్ క.తక్కువ = ఫ.సమయం

ఆన్‌లో పందెం వదిలేయకండి. వదిలేస్తే, ఒక పందెంలో గెలిచినవాళ్ల సమయమే ఇంకో పందెంలో ఎవరికైనా ఉంటే వాళ్లూ వచ్చి కూర్చుంటారు. వేర్ సమయం = మిన్(సమయం) అని నేరుగా రాస్తే కుదరదు. రోలను వడపోసే వేర్ పని గ్రూపులు కట్టకముందే అయిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
పేర్లు సరిగ్గా వచ్చాయి, థాంక్స్. కానీ ఒక పందెంలో ఇద్దరు వస్తున్నారు. ఇంకోదాంట్లో సమయం 0 అని వస్తోంది!

జవాబు:
ఇద్దరిదీ ఒకే సమయమైతే ఇద్దరూ రావాల్సిందే. ఒక్కరే చాలంటే ఎవరిని ఉంచాలో నియమం మీరే పెట్టాలి. మైఎస్‌క్యూఎల్ 8.0కి మారితే రోలకు వరస నంబర్లు వేసే రో నంబర్ ఫంక్షన్‌తో అది తేలిక, ర్యాంక్ వాడితే సమానులంతా వస్తారు.

ఆ 0 బహుశా పందెం మధ్యలో ఆపేసినవాళ్లది. చూసి నిర్ధారించుకోండి. నల్ (అంటే విలువే లేని ఖాళీ) ఉంటే మిన్ పట్టించుకోదు, 0ని మాత్రం మామూలు అంకెలాగే లెక్కలోకి తీసుకుంటుంది. ప్రస్తుతానికి లోపలి క్వెరీలో, గ్రూప్ బైకి ముందు వేర్ సమయం > 0 పెట్టండి. తీరిక చూసుకుని ఆ సున్నాలను నల్‌గా మార్చేయండి, లేకపోతే రేపు సగటు తీసినప్పుడు మళ్లీ ఇదే టెన్షన్.

మరో సభ్యుడు:
కాలమ్ టైప్ కూడా ఒకసారి చూడండి. సమయాన్ని వర్‌చార్‌గా (అంకెగా కాక అక్షరాలుగా) దాచి ఉంటే 9.8 కన్నా 10.2 చిన్నదని చెబుతుంది, ఎందుకంటే పోలిక మొదటి అక్షరం నుంచి జరుగుతుంది. అంకెల టైప్ అయిన డెసిమల్‌కి మార్చుకోండి.